ఆ మిడ్‌ఫీల్డర్ అవార్డు మళ్ళీ పెట్టండి

2021 ఆగస్టులో ఇస్తాంబుల్‌లో, ఐరోపా ఫుట్‌బాల్‌ని నడిపే యుయెఫా వాళ్ళు ఒకే రోజు, ఒకే వేదిక మీద, అవే ముగ్గురి పేర్లు రెండుసార్లు చదివారు. డి బ్రూయినే, జోర్జీనో, కాంటే. ఐరోపాలో ఆ ఏటి మేటి ఆటగాడి అవార్డుకి చివరిదాకా నిలిచింది ఈ ముగ్గురే, ఐరోపా క్లబ్బుల పెద్ద టోర్నీ ఛాంపియన్స్ లీగ్‌లో మేటి మిడ్‌ఫీల్డర్ (మైదానం మధ్యలో ఆడేవాడు) అవార్డుకీ ఈ ముగ్గురే. మొదటిది జోర్జీనోకి వెళ్ళింది. రెండోది కాంటేకి వెళ్ళింది. ఇద్దరూ చెల్సీ వాళ్ళే, ఇద్దరూ మిడ్‌ఫీల్డర్లే, మ్యాచుల్లో పక్కపక్కన ఆడినవాళ్ళే. అంటే ఐరోపా మొత్తం మీద అందరికన్నా గొప్ప ఆటగాడు ఒక మిడ్‌ఫీల్డర్, కానీ మేటి మిడ్‌ఫీల్డర్ మాత్రం అతను కాదు, పక్కవాడు.

రూల్సు చదివితే దీనికి సమాధానం ఉంది. మొదటి అవార్డుకి ఆ ఏడాది ఆడిన ఆటంతా లెక్కే, అందులో జోర్జీనో దేశం ఇటలీ గెలిచిన యూరో కప్పు కూడా వస్తుంది, ఓటేసినవాళ్ళలో యూరోలో ఆడిన దేశాల కోచ్‌లు కూడా ఉన్నారు. రెండోదానికి ఛాంపియన్స్ లీగ్ ఒక్కటే కొలత, ఓటు వేసేది ఆ టోర్నీ గ్రూప్ దశలో ఆడిన 32 క్లబ్బుల కోచ్‌లు, వాళ్ళతోపాటు 55 మంది జర్నలిస్టులు. రియల్ మాడ్రిడ్‌తో సెమీఫైనల్ రెండు మ్యాచుల్లోనూ, ఆ తర్వాత ఫైనల్లోనూ మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ కాంటేనే కాబట్టి ఆ ఓటు సరిగ్గానే పడింది. సరే, ఒప్పుకుందాం. కానీ ఆ మరుసటి ఏడాది నుంచి గోల్‌కీపర్, డిఫెండర్, మిడ్‌ఫీల్డర్, ఫార్వర్డ్ అని విడివిడిగా ఇచ్చే అవార్డులన్నీ మాయమైపోయాయి. కాంటే ఆ జాబితాలో చివరివాడిగా మిగిలాడు.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఫుట్‌బాల్‌లో ఉన్న సవాలక్ష అవార్డుల్లో నాకు బాగా నచ్చినదీ, బాగా తిక్క తెప్పించినదీ ఈ మిడ్‌ఫీల్డర్ అవార్డే. దాన్ని తీసేయడం తప్పు. తిరిగి పెట్టాలి. పాత పద్ధతిలో మాత్రం వద్దు.

ఎందుకు నచ్చిందో ముందు చెప్తాను, ఎందుకంటే ఈ సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 1998 నుంచి 2010 వరకు ఒక విడత, మళ్ళీ 2017 నుంచి 2021 వరకు ఇంకో విడత, మొత్తం 18 సార్లు ఇచ్చారు దీన్ని. జిదాన్, బెక్‌హామ్, మెండియెటా రెండుసార్లు, బాలక్, నెద్వెద్, డెకో, కాకా, మళ్ళీ డెకో, సీడోర్ఫ్, లాంపార్డ్, జావి, స్నైడర్. రెండో విడతలో మోడ్రిచ్ రెండుసార్లు, డి యాంగ్, డి బ్రూయినే, కాంటే. ఈ 18లో ఆ ఏడాది ఛాంపియన్స్ లీగ్ కప్పు గెలిచినవాళ్ళకి దక్కింది సరిగ్గా తొమ్మిదిసార్లు. మిగతా తొమ్మిదిలో ఏడుసార్లు ఫైనల్లో ఓడిపోయిన జట్టువాడికి ఇచ్చారు, 2019లో సెమీఫైనల్లో బయటికెళ్ళిన అయాక్స్ కుర్రాడు డి యాంగ్‌కి ఇచ్చారు, 2020లో క్వార్టర్ ఫైనల్లోనే లియోన్ చేతిలో 3-1తో చిత్తయిన మాంచెస్టర్ సిటీ ఆటగాడు డి బ్రూయినేకి ఇచ్చారు, అదీ కప్పు గెలిచిన బయర్న్ నుంచి థియాగో, ముల్లర్ ఇద్దరూ పోటీలో ఉండగా! ఇంకే పెద్ద అవార్డులోనైనా ఇంతమంది ఓడినవాళ్ళు ఉన్నారేమో వెతికి చూడండి. మొదటి ఆరేళ్ళలోనైతే బెక్‌హామ్‌ని వదిలేస్తే అందరూ ఫైనల్లో ఓడినవాళ్ళే.

మెండియెటా సంగతే చూడండి. 2000లో వాలెన్సియా లాజియోకి అయిదు గోల్స్ కొట్టింది, సెమీఫైనల్లో బార్సిలోనాకి నాలుగు కొట్టింది, తీరా పారిస్‌లో ఫైనల్ వచ్చేసరికి రియల్ మాడ్రిడ్ చేతిలో 3-0. మరుసటి ఏడాది మళ్ళీ ఫైనల్, ఈసారి మిలాన్‌లో బయర్న్ మీద, మూడో నిమిషంలోనే పెనాల్టీతో గోల్ కొట్టింది మెండియెటానే, చివరికి పెనాల్టీ షూటౌట్‌లో బయర్న్ గోల్‌కీపర్ ఒలివర్ కాన్ గోడలా నిలబడి కప్పు లాక్కుపోయాడు. రెండేళ్ళు వరసగా ఫైనల్ ఓడినవాడికి రెండేళ్ళూ మేటి మిడ్‌ఫీల్డర్ అవార్డు! తర్వాత అతను లాజియోకి వెళ్ళి ఎందుకూ కొరగాకుండా పోయాడు, అది వేరే కథ.

బాలక్ కథ ఇంకా ఘోరం. 2002 వసంతంలో అతని జట్టు లెవర్‌కుసెన్ మూడు కప్పుల దాకా వెళ్ళింది. జర్మన్ లీగ్‌లో మూడు మ్యాచులు మిగిలి ఉండగా అయిదు పాయింట్ల ఆధిక్యంలో ఉండి కూడా పోగొట్టుకుంది, జర్మన్ కప్ ఫైనల్ షాల్కే చేతిలో ఓడింది, గ్లాస్గోలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ జిదాన్ ఎడమకాలి వాలీకి బలైపోయింది. అంతటితో అయిందా? కొరియాతో ప్రపంచకప్ సెమీఫైనల్లో ఎదుటివాళ్ళ ఎటాక్ ఆపడానికి ఫౌల్ చేసి ఎల్లో కార్డు తెచ్చుకున్నాడు బాలక్, దాంతో ఫైనల్ ఆడలేడని అప్పటికే ఖాయమైపోయింది, అయినా నాలుగు నిమిషాల తర్వాత జర్మనీని ఫైనల్‌కి తీసుకెళ్ళిన గోల్ అతనే కొట్టాడు. ఒక మిడ్‌ఫీల్డర్ చేసే పనంతా ఆ కాసేపట్లోనే ఉంది నన్ను అడిగితే. ప్రమాదం ఎక్కడొస్తుందో చూసి తన ఫైనల్ని పణంగా పెట్టి ఆపాడు, మళ్ళీ అటుచివరికి పరుగెత్తి గోల్ కొట్టాడు.

నెద్వెద్‌ది కూడా దాదాపు అదే తలరాత. 2003లో ట్యూరిన్‌లో రియల్ మాడ్రిడ్‌ని 3-1తో ఓడించిన రాత్రి మూడో గోల్ అతనిది, కాసేపటికే మెక్‌మానమన్ మీద అనవసరమైన ఫౌల్, ఎల్లో కార్డు, ఫైనల్‌కి సస్పెన్షన్. అతను లేని యువెంటస్ మాంచెస్టర్‌లో 120 నిమిషాలు ఒక్క గోలూ కొట్టలేక షూటౌట్‌లో ఓడింది. 2008లో చెల్సీ ఆటగాడు లాంపార్డ్. తల్లి చనిపోయిన కొద్ది రోజులకే లివర్‌పూల్‌తో సెమీఫైనల్ ఆడి ఎక్స్‌ట్రా టైమ్‌లో పెనాల్టీ కొట్టినవాడు, మాస్కోలో ఫైనల్లో స్కోరు సమం చేసినవాడు, చివరికి మళ్ళీ షూటౌటే. 2005లో మిలాన్ ఆటగాడు కాకా కూడా షూటౌట్ బాధితుడే, ఆ ఇస్తాంబుల్ ఫైనల్ గురించి మళ్ళీ చెప్పనక్కర్లేదు.

ఫైనల్లో ఓడిపోయి ఈ అవార్డు తీసుకున్న ఏడుసార్లలో నాలుగుసార్లు ఓటమి పెనాల్టీ షూటౌట్‌లోనే. సీజన్ మొత్తం ఒకడు మధ్యలో నిలబడి ఆటని ఎలా నడిపాడన్నదానికీ, చివర్లో ఎవరో కొట్టిన బంతి గోల్‌పోస్ట్‌కి తగిలిందా లేదా అన్నదానికీ సంబంధం లేదని ఓటు వేసినవాళ్ళు తెలిసో తెలియకో ఒప్పుకున్నట్టే. ప్రపంచంలో ఆ ఏటి మేటి ఆటగాడికి ఇచ్చే బాలన్ డోర్ ఓడినవాళ్ళకి అస్సలు రాదని నేననను, 2003లో నెద్వెద్‌కి వచ్చింది కదా. కానీ 2010లో ఇంటర్‌తో మూడు కప్పులు గెలిచి, నెదర్లాండ్స్‌ని ప్రపంచకప్ ఫైనల్ దాకా తీసుకెళ్ళి, అక్కడ అయిదు గోల్స్ కొట్టిన స్నైడర్‌కి బాలన్ డోర్‌లో నాలుగో స్థానం వచ్చింది. యుయెఫా మిడ్‌ఫీల్డర్ అవార్డు మాత్రం ఆ ఏడాది అతనికే వచ్చింది.

ఇక తిక్క తెప్పించే సంగతికి వద్దాం. రియల్ మాడ్రిడ్ మిడ్‌ఫీల్డర్ ఫెర్నాండో రెడోండో. 2000 ఏప్రిల్‌లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఎడమ గీత పక్కన మడమతో బంతిని మాంచెస్టర్ యునైటెడ్ డిఫెండర్ బెర్గ్ కాళ్ళ మధ్య నుంచి పోనిచ్చి, అటువైపు నుంచి తానే పరుగెత్తి అందుకుని రౌల్‌కి పళ్ళెంలో పెట్టి అందించాడు చూడండి, దాన్ని యూట్యూబ్‌లో చూడని ఫుట్‌బాల్ పిచ్చోడు ఉండడు. నిజానికి రెడోండో రోజూ చేసేది అది కాదు. డిఫెన్స్ ముందు తల ఎత్తుకుని నిలబడటం, ఎవరు ఒత్తిడి చేసినా బంతి పోగొట్టుకోకపోవడం, ఆటకి వేగం కావాలో నెమ్మది కావాలో నిర్ణయించడం. ఆ ఏడాది యుయెఫా మేటి క్లబ్ ఆటగాడు అతనే. మరి మేటి మిడ్‌ఫీల్డర్? మెండియెటా. మెండియెటాని పైన అంత పొగిడి ఇప్పుడు తీసిపారేస్తున్నాననుకోకండి, నా గొడవ అతనితో కాదు. అందరిలోకీ గొప్పవాడని మీరే ఒప్పుకున్న మనిషి తన సొంత స్థానంలో ఎలా రెండోవాడయ్యాడు?

అది ఒక్కసారి జరిగిన పొరపాటైతే వదిలేద్దును. 2001లో మేటి ఆటగాడు ఎఫెన్‌బర్గ్, మేటి మిడ్‌ఫీల్డర్ మెండియెటా. 2002లో మేటి ఆటగాడు జిదాన్, మేటి మిడ్‌ఫీల్డర్ బాలక్. 2005లో జెరార్డ్, కాకా. 2021లో జోర్జీనో, కాంటే. అయిదుసార్లు! రెండూ ఒకరికే ఇవ్వకూడదన్న రూలు ఉందేమో అనుకోవడానికీ లేదు, 1999లో బెక్‌హామ్‌కి, 2004లో డెకోకి, 2018లో మోడ్రిచ్‌కి రెండూ ఇచ్చారు. కాకా సంగతైతే మరీ విచిత్రం. 2005లో అతను మిడ్‌ఫీల్డర్. 2007లో అదే మిలాన్‌లో ఛాంపియన్స్ లీగ్‌లో 10 గోల్స్ కొట్టేసరికి మేటి ఫార్వర్డ్ అయిపోయాడు, మిడ్‌ఫీల్డర్ అవార్డు సీడోర్ఫ్‌కి వెళ్ళింది. అంటే ఒక స్థాయి దాటి గోల్స్ కొడితే మిడ్‌ఫీల్డర్ ఉద్యోగం నుంచి ప్రమోషన్ అన్నమాట!

నా అనుమానం ఏంటంటే, మిడ్‌ఫీల్డర్ పనేంటని ఈ జ్యూరీ ఎప్పుడూ గట్టిగా అనుకోలేదు. గోల్స్ కొట్టే మిడ్‌ఫీల్డర్ దొరికితే అతనికి ఇచ్చేశారు, దొరకనప్పుడు మిగతావాళ్ళవైపు చూశారు. మొదటి విడత జాబితా తీసుకుంటే జావి, సీడోర్ఫ్ లాంటి ఒకరిద్దరు తప్ప దాదాపు అందరూ ఎదుటివాళ్ళ పెనాల్టీ బాక్సు దగ్గర కనిపించేవాళ్ళే. మకెలెలే లేడు. కీన్ లేడు, వియెరా లేడు, డావిడ్స్ లేడు. రెండు కప్పులు గెలిచిన పిర్లో లేడు. మన పెళ్ళిళ్ళలో వంటవాళ్ళ దగ్గర్నుంచి విడిదింటి తాళాల దాకా అన్నీ చూసుకున్న పెద్ద బావగారు ఆల్బమ్‌లో ఒక్క ఫోటోలోనూ ఉండరు చూడండి, సరిగ్గా అలా.

మకెలెలే లెక్క మాత్రం ఒకసారి తేల్చాల్సిందే. 2003 వేసవిలో రియల్ మాడ్రిడ్ బెక్‌హామ్‌ని కొనుక్కుంది, జీతం పెంచమన్న మకెలెలేని చెల్సీకి పోనిచ్చింది. ఆ తర్వాత వరసగా మూడు సీజన్లు మాడ్రిడ్‌కి లీగ్ టైటిల్ లేదు. చెల్సీకి 2005లో, 2006లో వరసగా రెండు. ఒక్కడి వల్లే ఇదంతా జరిగిందని నేననను, చెల్సీ యజమాని అబ్రమోవిచ్ డబ్బుకీ కోచ్ మౌరిన్హో బుర్రకీ వాటా ఉంది. కానీ డిఫెన్స్ ముందు నిలబడి ఆడే పనిని ఇంగ్లండ్‌లో ఇప్పటికీ అతని పేరుతోనే పిలుస్తారు. ఒక స్థానానికే పేరు ఇచ్చినవాడికి ఆ స్థానం అవార్డు ఒక్కసారీ రాలేదు.

స్టాట్స్ చూసి ఇస్తే సరిపోతుంది కదా అంటారు కొందరు. ప్రీమియర్ లీగ్ వాళ్ళు ఆ ముచ్చటా తీర్చుకున్నారు. 2017-18 నుంచి ప్లేమేకర్ అని ఒక అవార్డు పెట్టారు, అసిస్ట్‌లు ఎవరికి ఎక్కువుంటే వాళ్ళకే, జ్యూరీ గొడవే లేదు. మొదటి ఏడాది 16 అసిస్ట్‌లతో డి బ్రూయినేకి వచ్చింది, బాగానే ఉంది. 2020-21లో హ్యారీ కేన్‌కి. 2023-24లో ఓలీ వాట్‌కిన్స్‌కి. ఇద్దరూ నిఖార్సయిన సెంటర్ ఫార్వర్డ్‌లు! మధ్యలో సలా కూడా ఉన్నాడు. అసిస్ట్ అనేది గోల్‌కి ముందు చివరి పాస్ మాత్రమే. ఆ పాస్‌కి ముందు పాస్, దానికి ముందు ఇద్దరు డిఫెండర్లని పక్కకి లాగిన ఒక చిన్న తిరుగుడు, అంతకుముందు ఎక్కడో సొంత సగంలో బంతి లాక్కున్న కాలు, ఇవి ఏ పట్టికలోకి ఎక్కుతాయి? ఈ మధ్య అన్నీ లెక్కపెడుతున్నారు, నిజమే, ఎన్ని గీతలు దాటించే పాస్‌లు, ఎన్ని రికవరీలు అని. అయినా బార్సిలోనా ఆటగాడు బుస్కెట్స్ ఒక చోట ఊరికే నిలబడటం వల్ల ఎదుటివాడు ఆ వైపు పాస్ ఇవ్వడం మానేశాడనుకోండి, జరగని పాస్‌ని ఎలా లెక్కపెడతారు? ప్లేమేకర్ అన్న పేరుతో ఫుట్‌బాల్ చరిత్ర, గణాంకాల సంస్థ ఐఎఫ్‌ఎఫ్‌హెచ్‌ఎస్ ఇచ్చే ప్రపంచ అవార్డు 2015 నుంచి వరసగా మూడేళ్ళు మెస్సీకే వెళ్ళింది. మెస్సీని కాదనే ధైర్యం నాకు లేదు, కానీ అది మిడ్‌ఫీల్డర్ల అవార్డు కాదని మాత్రం తేలిపోయింది.

అన్నిటికన్నా పెద్ద తమాషా ఈ అవార్డు లేని సంవత్సరాలు. 2011 నుంచి 2016 దాకా ఆరేళ్ళు లేదు. జావి, ఇనియెస్టా, బుస్కెట్స్ ప్రపంచానికి మిడ్‌ఫీల్డ్ అంటే ఏంటో పాఠం చెప్తున్న రోజులవి. ష్వైన్‌స్టైగర్, పిర్లో, షాబీ అలోన్సో, క్రోస్, కుర్ర మోడ్రిచ్, అందరూ ఆడుతున్న రోజులు. 2010 బాలన్ డోర్‌లో మొదటి మూడు స్థానాలూ బార్సిలోనా అకాడమీ కుర్రాళ్ళవే, అందులో ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు, సరిగ్గా ఆ మరుసటి ఏడాది నుంచే యుయెఫా దుకాణం కట్టేసింది. ఆటగాళ్ళందరికీ కలిపి ఒకే అవార్డు చాలన్నారు. 2012లో దాన్ని ఇనియెస్టాకి ఇచ్చారు, సంతోషం. కానీ ఆ ఆరేళ్ళలో మిగతా అయిదుసార్లూ మెస్సీ, రొనాల్డో, రిబెరీలకే. రెండోసారి తీసేసింది 2022లో. ఆ తర్వాత ఏమైంది? 2023లో ఇస్తాంబుల్‌లోనే ఫైనల్లో రోడ్రి గోల్‌తో సిటీ గెలిచింది. 2024లో క్రోస్ ఆరో ఛాంపియన్స్ లీగ్‌తో ఆట చాలించాడు. 2025లో మ్యూనిక్‌లో పారిస్ క్లబ్ పీఎస్‌జీ ఇంటర్‌ని 5-0తో ఉతికినప్పుడు ఆ ఆటకి తాళం చెవి విటీన్యా దగ్గరుంది, బాలన్ డోర్‌లో అతనికి మూడో స్థానం. యుయెఫాకి మిడ్‌ఫీల్డర్లు బాగా ఆడటం మొదలుపెట్టగానే అవార్డు తీసేసే అలవాటు ఉన్నట్టుంది.

అమ్మాయిల ఆటలో ఈ బాధ లేదు. మహిళల బాలన్ డోర్ మొదటి రెండుసార్లు ఫార్వర్డ్‌లు హెగెర్‌బర్గ్, రపీనోలకి వచ్చింది. 2021 నుంచి చూడండి: పుతెయాస్, పుతెయాస్, బొన్మాతీ, బొన్మాతీ, బొన్మాతీ. అయిదుకి అయిదూ మిడ్‌ఫీల్డర్లే. బొన్మాతీ బంతి అందుకునే ముందు ఎన్నిసార్లు భుజం మీదుగా వెనక్కి చూస్తుందో ఒక మ్యాచ్‌లో గమనించండి, మీకు ఆట వేరేగా కనిపిస్తుంది. అక్కడ ఓటు వేసేవాళ్ళు మధ్యలో జరిగే ఆటని చూడగలిగారు. మరి మగవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి 2008 నుంచి 2025 దాకా ఇద్దరంటే ఇద్దరు, మోడ్రిచ్, రోడ్రి.

రోడ్రికి ఇచ్చినప్పుడు జరిగిన రభస గుర్తుందిగా. 2024 అక్టోబర్ 28న పారిస్‌లో మోకాలి గాయంతో చేతికర్రల సాయంతో స్టేజి ఎక్కాడు పాపం. తమ ఆటగాడు వినీసియస్‌కి రావడం లేదని తెలిసి రియల్ మాడ్రిడ్ తరఫున ఒక్కరూ రాలేదు, మేటి క్లబ్ అవార్డు వాళ్ళకే వచ్చినా సరే. మర్నాడు మన గ్రూపుల్లో కూడా ఒకటే గోల, రోడ్రి హైలైట్స్ వీడియో ఒక్కటి చూపించండి అని. హైలైట్స్‌లో దొరక్కపోవడమే అతని ఆట అని ఎంతమందికని చెప్తాం? ఆ బాలన్ డోర్ వేడుకలోనే గోల్‌కీపర్‌కి యాషిన్ ట్రోఫీ ఉంది, ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్ళకి గెర్డ్ ముల్లర్ ట్రోఫీ ఉంది, కుర్రాళ్ళకి కోపా ట్రోఫీ ఉంది. మిడ్‌ఫీల్డర్‌కి లేదు, డిఫెండర్‌కీ లేదు. అచ్చమైన మిడ్‌ఫీల్డర్ సోక్రటీస్ పేరు మీద ఒకటుంది గానీ, అది సమాజ సేవకి ఇచ్చేది!

మన దగ్గరా వేరేగా ఏం లేదు. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో గోల్డెన్ బూట్, గోల్డెన్ గ్లవ్, గోల్డెన్ బాల్ ఉన్నాయి, మధ్యలో ఆడేవాడికి విడిగా ఏదీ లేదు. 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు గెలిచినప్పుడు ఓగ్బెచే 18 గోల్స్ అందరికీ గుర్తున్నాయి, ఫైనల్ షూటౌట్‌లో కట్టిమణి ఆపిన పెనాల్టీలు గుర్తున్నాయి, కెప్టెన్‌గా మధ్యలో ఆడిన జోవా విక్టర్ పేరు ఎంతమంది చెప్తారు? ఇంకా వెనక్కి వెళ్తే, కోచ్ రహీం సాబ్ నడిపిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా సెమీస్‌కి వెళ్ళిందంటే ఆస్ట్రేలియా మీద నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ చెప్తారు. ఆ జట్టులో హాఫ్ బ్యాక్‌గా, అంటే ఇప్పటి లెక్కలో మిడ్‌ఫీల్డర్‌గా, ఆడిన మన హైదరాబాదీ నూర్ మహమ్మద్ పేరు ఇప్పుడు నగరంలోనే తెలియదు.

నా మాట కాదనేవాళ్ళ దగ్గర ఒక గట్టి వాదన ఉంది, దాన్ని దాటవేయను. ఈ కాలంలో మిడ్‌ఫీల్డర్ అంటే ఎవరు? 2023లో సిటీ సెంటర్ బ్యాక్ జాన్ స్టోన్స్ బంతి తమ దగ్గరున్నప్పుడల్లా మిడ్‌ఫీల్డ్‌లోకి నడిచొచ్చేవాడు. 2023-24లో బెల్లింగ్‌హామ్ స్పెయిన్ లీగ్‌లో 19 గోల్స్ కొట్టాడు, అతను మిడ్‌ఫీల్డరా ఫార్వర్డా అని మాడ్రిడ్ అభిమానులే తేల్చుకోలేకపోయారు. స్థానాలే కరిగిపోతుంటే స్థానానికి అవార్డేంటి అంటారు. నాకైతే ఇది తీసేయడానికి కారణంగా కనిపించదు. గీత ఎక్కడ గీయాలన్న గొడవ ఏటా ఒకసారి జరగడం మంచిదే. కాకాని ఒక ఏడు అటు, ఇంకో ఏడు ఇటు పెట్టినప్పుడు ఎందుకు పెట్టారో ఒక్క ముక్క చెప్పి ఉంటే బాగుండేది. ఎటాకింగ్ మిడ్‌ఫీల్డర్‌కి ఒకటి, డిఫెన్సివ్‌కి ఒకటి అని రెండుగా చీల్చమనేవాళ్ళూ ఉన్నారు. వద్దే వద్దు. అలా చీలిస్తే మకెలెలే లాంటివాళ్ళని ఒక మూలకి తోసేసి చేతులు దులుపుకుంటారు. స్నైడర్‌తో పోటీపడి మకెలెలే గెలిచే ఏడాది రావాలి, అదీ అసలు పరీక్ష.

మరి ఎలా ఇవ్వాలి? నా ప్రతిపాదన రెండు ముక్కలు. ఓటు కోచ్‌లకి మాత్రమే ఉండాలి, అదీ ఆ సీజన్‌లో తమ జట్టు ఎదుర్కొన్న ఆటగాళ్ళకి మాత్రమే వేయాలి. పాత పద్ధతిలో తన జట్టువాడికి ఓటు వేయకూడదన్నారు, అది మంచిదే, కానీ తను ఒక్కసారీ తలపడని వాడికి పేరు చూసి ఓటు వేయడానికి అడ్డేం లేదు. ఎవడిని ఆపడానికి రాత్రంతా వీడియోలు చూసి కూర్చున్నారో, ఎవడివల్ల తమ ప్లాను పాడైందో కోచ్‌ల కంటే బాగా ఎవరికీ తెలియదు. జర్నలిస్టులకి కోపం రావచ్చు, వాళ్ళకి బాలన్ డోర్ ఉంది కదా. రెండోది, ఓటింగ్ ఫైనల్‌కి ముందే ముగించేయాలి. సెమీఫైనల్స్ అయిన మర్నాడు పెట్టెకి సీలు వేసేయండి. ఫైనల్లో ఎవరు గెలిచారన్న ప్రశ్నే ఉండదు, షూటౌట్‌లో ఎవరు జారిపడ్డారన్న ప్రశ్నే ఉండదు. తొమ్మిదిసార్లు అనుకోకుండా చేసిన మంచి పని ఇకనుంచి రూలు ప్రకారం జరుగుతుంది.

పేరు కూడా ఆలోచించాను. రోడ్రి కంటే ముందు, స్పెయిన్‌లో పుట్టిన మగవాళ్ళలో బాలన్ డోర్ అందుకున్నది ఒకే ఒక్కడు, 1960లో లూయిస్ సువారెజ్, బార్సిలోనాకీ తర్వాత ఇంటర్‌కీ ఆడిన మిడ్‌ఫీల్డర్, 2023లో చనిపోయాడు. అతని పేరు పెడితే బాగుంటుంది, కాకపోతే సువారెజ్ ట్రోఫీ అనగానే అందరికీ అదే పేరున్న ఉరుగ్వే ఫార్వర్డ్, మ్యాచ్‌లో ఎదుటివాణ్ణి కొరికినవాడే గుర్తొస్తాడు, అది కొంచెం ఇబ్బంది. రెడోండో ట్రోఫీ అంటే నాకు ఇంకా ఇష్టం, అతనికి అన్యాయం చేసిన అవార్డుకి అతని పేరే పెట్టడం సబబుగా ఉంటుంది.

ఇక ఖాళీ సంవత్సరాలకి నా ఓట్లు, ఎవరూ అడగకపోయినా. 2011 జావికి, దీనికి వాదనేం అక్కర్లేదు. 2012 ష్వైన్‌స్టైగర్‌కి, సొంత మైదానంలో ఫైనల్ షూటౌట్‌లో పోస్ట్‌కి కొట్టినా సరే, అవార్డు సంప్రదాయం నిలబెట్టాలిగా. 2013 డార్ట్‌మండ్ గుందోవాన్‌కి, అతనూ ఫైనల్ ఓడినవాడే. 2014 మోడ్రిచ్‌కి, లిస్బన్‌లో 93వ నిమిషంలో రామోస్ తలకి తగిలిన కార్నర్ అతను కొట్టిందే. 2016 క్రోస్‌కి. 2022 మళ్ళీ మోడ్రిచ్‌కి, చెల్సీ మీద బూటు బయటి అంచుతో రోడ్రిగోకి వేసిన ఆ ఒక్క పాస్ చాలు. 2023 రోడ్రి, 2024 క్రోస్, 2025 విటీన్యా. మధ్యలో 2015 వదిలేశాను, కావాలనే. ఆ సీజన్‌లో బార్సిలోనాలో మెస్సీ, సువారెజ్, నెయ్‌మార్ ముగ్గురూ కలిసి 122 గోల్స్ కొట్టారు, ముందు వరసలో ముగ్గురు వెనక్కి రాకుండా నిలబడిపోతే వెనక ఉన్న నేలంతా కాపలా కాయాల్సింది ఒక్కడు. నా ఓటు బుస్కెట్స్‌కి.